ఆరుగురిని కాల్పించిన సైనికుడు క్షమాభిక్ష నాయకుడెలా అయ్యాడు?

ఏథెన్స్‌కి తూర్పు వైపు గూడీ అని ఒక పేట ఉంది. ఒకప్పుడు అక్కడ సైనిక బ్యారక్‌లు ఉండేవి. 1922 నవంబర్ 28న అక్కడే ఆరుగురిని నిలబెట్టి కాల్చేశారు. వాళ్లలో ముగ్గురు మాజీ ప్రధానులు, ఇద్దరు మాజీ మంత్రులు, ఒకరు సైన్యాధిపతి. మళ్లీ 1952 మార్చి 30న, తెల్లవారక ముందే, ట్రక్కుల హెడ్‌లైట్ల వెలుగులో నికోస్ బెలోయానిస్ అనే కమ్యూనిస్టు నాయకుడినీ మరో ముగ్గురినీ అదే పేటలో కాల్చారు. మొదటిసారి గ్రీస్ దేశం మొత్తం నికోలాస్ ప్లాస్తీరాస్ అనే సైన్యాధికారి చెప్పుచేతల్లో ఉంది. రెండోసారి దేశ ప్రధాని ఆయనే. మొదటిసారి ఆపగలిగి ఉండీ ఆపలేదు, రెండోసారి ఆపాలనుకుని ఆపలేకపోయాడు.

గ్రీస్‌లో ఈ జనరల్ గురించి అడిగితే ఒకరు దేవుడంటారు, ఒకరు హంతకుడంటారు, ఇంకొకరు పాపం చేతకానివాడంటారు. ముగ్గురి దగ్గరా ఆధారాలుంటాయి. అసలు చిక్కేమిటంటే, ఆయన చేతిలో తుపాకీ ఉన్న రోజుల్లో ఓట్లు లేవు, ఓట్లు వచ్చేసరికి తుపాకీ అవతలి వాళ్ల చేతిలోకి పోయింది. అలా పోవడానికి చాలావరకు కారణం కూడా ఆయనే, ఆ సంగతి ఆయన అభిమానులు పెద్దగా మాట్లాడరు.

ప్లాస్తీరాస్ 1883లో థెస్సలీ మైదానంలోని కార్దిత్సా ప్రాంతంలో పుట్టాడు. ఆ మైదానం నిండా పెద్ద పెద్ద భూస్వాముల ఎస్టేట్లు, వాటిలో కౌలుకి చేసుకు బతికే రైతులు. 1910లో కిలెలేర్ దగ్గర ఆ రైతుల మీద కాల్పులు కూడా జరిగాయి. ఆయన అధికారుల ఇంట్లో పుట్టి నేరుగా మిలిటరీ అకాడమీకి వెళ్లిన బాపతు కాదు. మామూలు సిపాయిగా చేరి, కింది ర్యాంకులన్నీ దాటుకుని, కోర్ఫూలోని స్కూల్లో చదివి 1912లో ఆఫీసరయ్యాడు. బాల్కన్ యుద్ధాల్లో గుర్రం మీద ముందుండి దూకేవాడని 'నల్ల రౌతు' అని పేరొచ్చింది, ఆ పేరు చచ్చేదాకా వదల్లేదు.

ఇక్కడ కాస్త ఆగి గ్రీకు సైన్యం సంగతి చెప్పుకోకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ప్రధాని వెనిజెలోస్ బ్రిటన్, ఫ్రాన్స్‌ల పక్షాన యుద్ధంలోకి దిగుదామన్నాడు. రాజు కాన్‌స్టంటైన్ వద్దన్నాడు. రాణి జర్మన్ చక్రవర్తికి స్వయానా చెల్లెలు, కాబట్టి రాజు మాటను తటస్థత అని ఎవరూ నమ్మలేదు. 1916లో వెనిజెలోస్ థెస్సలోనికి వెళ్లి పోటీ ప్రభుత్వమే పెట్టేశాడు. ఒకే దేశం, రెండు ప్రభుత్వాలు, రెండు సైన్యాలు. దీన్నే జాతీయ చీలిక అంటారు. ఊళ్లలో కాఫీ దుకాణాలు కూడా వాళ్లవి వేరు, వీళ్లవి వేరు. సైన్యంలో అయితే ఇది జీతభత్యాల వ్యవహారం. వెనిజెలోస్ వస్తే రాజుగారి ఆఫీసర్లు ఇంటికి, రాజు తిరిగొస్తే వెనిజెలోస్ ఆఫీసర్లు ఇంటికి. ప్రమోషన్, పెన్షన్, పోస్టింగ్ అన్నీ ఎన్నికల ఫలితం మీద ఆధారపడితే ఆఫీసర్ రాజకీయాలు మాట్లాడకుండా ఎలా ఉంటాడు? 'సైన్యం రాజకీయాల్లో జోక్యం చేసుకుంది' అని మనం రాసేస్తాం గానీ, అక్కడ సైన్యమూ రాజకీయమూ విడివిడిగా ఉన్నదెప్పుడు?

ప్లాస్తీరాస్ వెనిజెలోస్ మనిషి. 1918లో స్క్రా యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు, 1919లో బోల్షివిక్కుల మీదికి ఫ్రాన్స్ నడిపిన యుద్ధంలో ఉక్రెయిన్ వెళ్లాడు, అటు నుంచి తన 5/42 ఎవ్జోన్ (గ్రీకు పదాతిదళం) రెజిమెంట్‌తో స్మిర్నా చేరాడు. ఈ స్మిర్నాయే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. ఒట్టోమాన్ సామ్రాజ్యం కుప్పకూలుతుంటే, పశ్చిమ తీరంలో గ్రీకులు ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని కలిపేసుకుందామని గ్రీస్ 1919 మే నెలలో అక్కడ సైన్యాన్ని దించింది. అనుకున్నంత సులభం కాలేదు. ముస్తఫా కెమాల్ నాయకత్వంలో టర్కులు లోపలికి లాక్కుంటూ పోయారు, గ్రీకు సైన్యం వాళ్ల వెంట అనటోలియా నడిబొడ్డు దాకా పోయింది.

మధ్యలో ఒక కోతి కథ ఉంది. 1917లో కాన్‌స్టంటైన్‌ని దేశం నుంచి పంపేశాక ఆయన కొడుకు అలెగ్జాండర్ గద్దె మీద ఉన్నాడు. 1920 అక్టోబర్‌లో ఆయన్ని తోటలో కోతి కరిచి, గాయం విషమించి చనిపోయాడు. దాంతో వచ్చే నెల జరగాల్సిన ఎన్నికలు కాస్తా కాన్‌స్టంటైన్ తిరిగి రావాలా వద్దా అన్నదాని మీదికి మళ్లాయి. వెనిజెలోస్ ఓడిపోయాడు. రాజు తిరిగొచ్చాడు. యుద్ధం ఆపేస్తామని ఆశపెట్టి గెలిచినవాళ్లు ఆపకపోగా ఇంకా లోపలికి వెళ్లారు. అనుభవమున్న వెనిజెలోస్ ఆఫీసర్లను మార్చి పడేశారు. ప్లాస్తీరాస్‌ని మాత్రం కదిలించలేదు, యుద్ధంలో ఆయనకున్న పేరు అలాంటిది.

1922 ఆగస్టు 26న టర్కుల పెద్ద దాడి మొదలైంది. రెండు వారాల్లో అంతా అయిపోయింది. సెప్టెంబర్ 9న టర్కీ సైన్యం స్మిర్నాలో ప్రవేశించింది, 13న నగరం అంటుకుంది. సైన్యం చెల్లాచెదురై సముద్రం వైపు పరుగెడుతుంటే, ప్లాస్తీరాస్ రెజిమెంట్ మాత్రం వరస తప్పకుండా, పోరాడుతూ, వెంటబడ్డ శరణార్థులను కాచుకుంటూ తీరం చేరింది. ఆయన మీద జనానికి పుట్టిన గురి అక్కడిది. తర్వాత ఆయన చేసిన ప్రతి పొరపాటునూ జనం ఆ వెనకడుగు గుర్తు చేసుకుని క్షమించారనిపిస్తుంది నాకు.

తీరం నుంచి ఓడల్లో ఖియోస్, లెస్బోస్ దీవులకు చేరిన సైనికులు అక్కడే తిరగబడ్డారు. నాయకులు కర్నల్ ప్లాస్తీరాస్, కర్నల్ గొనాటాస్, నౌకాదళం నుంచి ఫోకాస్. విమానంలోంచి ఏథెన్స్ మీద కరపత్రాలు వేశారు: రాజు దిగిపోవాలి. దిగిపోయాడు. గ్రీకు పుస్తకాల్లో దీన్ని సెప్టెంబర్ 11 విప్లవం అంటారు, మన లెక్కలో అది 24వ తేదీ. అప్పటికి గ్రీస్ ఇంకా పాత జూలియన్ క్యాలెండర్‌లోనే ఉండేది, దాన్ని మార్చింది కూడా ఈ విప్లవ ప్రభుత్వమే, 1923లో. ప్లాస్తీరాస్ ప్రధాని పదవి తీసుకోలేదు, 'విప్లవ నాయకుడు' అన్న పేరుతో వెనకుండి నడిపించాడు.

ఇప్పుడు ఆ ఆరుగురి సంగతి. ఓడిపోయిన దేశం, రేవుల్లో చలికి వణుకుతున్న లక్షల మంది శరణార్థులు, అవమానంతో మండిపోతున్న సైన్యం. ఎవరో ఒకరు బాధ్యత వహించాల్సిందే అని వీధుల్లో అరుపులు. ప్రత్యేక సైనిక కోర్టు పెట్టారు, జనరల్ ఒథోనాయోస్ అధ్యక్షుడు. మాజీ ప్రధానులు గునారిస్, ప్రొటోపపడాకిస్, స్ట్రాటోస్, మంత్రులు బల్టాట్జిస్, థియోటోకిస్, చివరి సైన్యాధిపతి హట్జిఅనెస్తిస్ మీద దేశద్రోహం కేసు. తీర్పు చెప్పిన రోజే శిక్ష కూడా అమలు చేశారు. గునారిస్ టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంటే మంచం మీంచి లేపి తీసుకొచ్చారు. కాల్పులు ఆపించాలని బ్రిటన్ పంపిన టాల్బట్ అనే నౌకాదళ అధికారి ఏథెన్స్ చేరేసరికి అంతా ముగిసింది. ఆయన కాపాడగలిగింది ఒక్క రాకుమారుడు ఆండ్రూని. ఆ ఆండ్రూ కుటుంబాన్ని బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కించుకుపోయింది, అందులో ఉన్న పసివాడు ఫిలిప్ పెద్దయ్యాక ఎలిజబెత్ రాణికి భర్త అయ్యాడు.

ఆ ఆరుగురు దేశద్రోహులా? కాదు. చేతగానివాళ్లు, మొండివాళ్లు, కొంతవరకు మూర్ఖులు కూడా, కానీ ఓడిపోవాలని ఓడిపోలేదు. 2010లో గ్రీస్ సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది కూడా. పంగాలోస్ లాంటి ఆఫీసర్లు చంపి తీరాలని పట్టుబట్టారని, ప్లాస్తీరాస్ మీద ఒత్తిడి ఉందని ఆయన తరఫున చెబుతారు. ఉండొచ్చు. కానీ విప్లవ నాయకుడు ఆయనే, కాదనే అధికారమూ ఆయనదే. చీలికలో అప్పటిదాకా ఉద్యోగాలు పోయేవి, అప్పుడప్పుడు తలలు పగిలేవి. ఆ రోజు నుంచి రెండు పక్షాల మధ్యా ఆరు శవాలు వచ్చి పడ్డాయి, పాతికేళ్లపాటు రాజరికవాదులు రాజీ మాట ఎత్తినప్పుడల్లా ఆ ఆరు పేర్లే చదివేవారు.

అదే ప్రభుత్వం చేసిన మిగతా పనులు చూస్తే మాత్రం మనిషి వేరేలా కనిపిస్తాడు. 1923 జనవరిలో టర్కీతో జనాభా మార్పిడి ఒప్పందం అయింది. మతాన్ని బట్టి లెక్క: టర్కీలోని ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కి, గ్రీస్‌లోని ముస్లింలు టర్కీకి. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ థ్రేస్ ముస్లింలకు మినహాయింపు. అప్పటికే పారిపోయి వచ్చినవాళ్లతో కలిపి 12 లక్షల మంది దాకా గ్రీస్ చేరారు, అదీ 50 లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశానికి. 1947 గురించి ఇంట్లో విన్న ఉత్తరాది వాళ్లకు ఈ అంకెల బరువు చెప్పక్కర్లేదు. వాళ్లకు భూమి కావాలి. ముందుగా పరిహారం కట్టకుండానే పెద్ద ఎస్టేట్లను స్వాధీనం చేసుకునే వీలు కల్పించింది ప్లాస్తీరాస్ ప్రభుత్వం. అప్పటిదాకా ఏళ్ల తరబడి కాగితాల మీదే నానుతున్న భూసంస్కరణ ఒక్కసారిగా కదిలింది. శరణార్థుల పేటల్లో ఆయన ఫోటో గోడకెక్కింది ఊరికే కాదు. 1923 జూలైలో లోజాన్ ఒప్పందంతో యుద్ధం ముగిసింది, డిసెంబర్‌లో ఎన్నికలు పెట్టారు (రాజు పక్షం బహిష్కరించింది), 1924 జనవరి 2న ప్లాస్తీరాస్ అధికారం పార్లమెంటుకు అప్పగించి, లెఫ్టినెంట్ జనరల్ హోదాతో రిటైరయ్యాడు. తిరుగుబాటు చేసినవాళ్లలో చెప్పిన మాట ప్రకారం దిగిపోయినవాళ్లు ఎంతమంది ఉంటారు? పక్కనే పంగాలోస్ ఉన్నాడు చూడండి, 1925లో నియంత అయ్యి, ఆడవాళ్ల గౌను నేలకు ఎంత ఎత్తులో ఉండాలో ఆర్డర్ వేసి, ఆ ఊపులోనే తన పాత సహచరుడు ప్లాస్తీరాస్‌ని దేశం దాటించాడు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే చరిత్ర ఆయన్ని ఇంకోలా రాసేది. 1933 మార్చి 5న ఎన్నికల్లో వెనిజెలోస్ పక్షం ఓడిపోయింది. ఆ రాత్రే ప్లాస్తీరాస్ మళ్లీ తిరుగుబాటుకు దిగాడు. 1924లో గ్రీస్ రాజరికాన్ని రద్దు చేసి రిపబ్లిక్ అయింది; రాజరికవాదులు అధికారంలోకి వస్తే రాజు వచ్చేస్తాడు, రిపబ్లిక్ పోతుంది అన్నది వాదన. ఓట్లు లెక్కపెట్టిన రాత్రే ఓట్లను కాదనడం అన్నమాట. సైన్యం కదల్లేదు, ఒక్క రోజులో అంతా తుస్సుమంది, ఆయన తప్పించుకుని చివరికి ఫ్రాన్స్ చేరాడు. 1935 మార్చిలో వెనిజెలోస్ మనుషులు ఇంకో ప్రయత్నం చేశారు. అదీ చితికిపోయింది. అణిచివేసింది ఎవరనుకున్నారు, ఒకప్పటి వెనిజెలోస్ జనరల్ కొండిలిస్! ప్లాస్తీరాస్ దేశంలో లేకపోయినా ఆయనకి మరణశిక్ష వేశారు. జనరల్ పపూలాస్‌ని నిజంగానే కాల్చేశారు. 1922లో ఆ ఆరుగురికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్లలో ఈ పపూలాస్ ఒకడు. లెక్క సరిచేయడం అంటే ఇదే.

అసలు నష్టం ఆ మరణశిక్షలు కాదు. 1935 తర్వాత రిపబ్లిక్ వైపు ఉన్న ఆఫీసర్లను వందల సంఖ్యలో సైన్యం నుంచి ఏరి పారేశారు. అంతకుముందు రెండు పక్షాలూ ఉండేవి కాబట్టి ఒకరికొకరు అడ్డు. ఇప్పుడు సైన్యం మొత్తం ఒక్క పక్షానిది. ఆ ఏడాదే కొండిలిస్ 97 శాతం ఓట్లతో, ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది ఎలా వచ్చాయో, రాజుని (కాన్‌స్టంటైన్ కొడుకు జార్జ్‌ని) తిరిగి తెచ్చాడు. 1936 ఆగస్టు 4న జనరల్ మెటాక్సాస్ నియంతృత్వం. రిపబ్లిక్‌ని కాపాడతానని బయల్దేరిన మనిషి దాని సమాధికి మొదటి గునపం వేశాడు.

దాదాపు పన్నెండేళ్లు ఆయన పరాయి దేశంలోనే ఉన్నాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఎడెస్ అనే ప్రతిఘటన దళం ఆయన్ని పేరుకి నాయకుడిగా పెట్టుకుంది, నడిపింది మాత్రం జెర్వాస్ అనే మరో సైన్యాధికారి. 1944 డిసెంబర్‌లో, జర్మన్లు వెళ్లిపోయిన రెండు నెలలకే, ఏథెన్స్ వీధుల్లో కమ్యూనిస్టుల ఎలాస్ దళాలకూ బ్రిటిష్ సైన్యానికీ యుద్ధం మొదలైంది. బ్రిటిష్ వైపు పోరాడినవాళ్లలో మన నాలుగో ఇండియన్ డివిజన్ కూడా ఉంది. ఆ సమయంలో రాజరికవాది కానివాడు, కమ్యూనిస్టు కానివాడు, జనంలో పేరున్నవాడు ఒకడు కావాలి. బ్రిటిష్ వాళ్లు ప్లాస్తీరాస్‌ని ఫ్రాన్స్ నుంచి రప్పించారు, 1945 జనవరి 3న ప్రధాని అయ్యాడు. ఫిబ్రవరి 12న వార్కిజాలో ఒప్పందం కుదిరి ఎలాస్ ఆయుధాలు అప్పగించింది. తర్వాత నిరాయుధులైన ఆ వామపక్షీయుల మీద కుడిపక్షపు ముఠాలు పడి కొట్టాయి, ఆయన ప్రభుత్వం చూస్తూ ఉంది. ఏప్రిల్‌లో ఒక పత్రిక ఆయన 1941లో రాసిన ఉత్తరం బయటపెట్టింది, ఇటలీతో యుద్ధాన్ని జర్మనీ మధ్యవర్తిత్వంతో ఆపుకోవాల్సింది అన్న అర్థంలో. పని అయిపోయింది, ఇక ఆయన అవసరం లేదు, దింపేశారు.

1946 నుంచి 1949 దాకా అంతర్యుద్ధం. దాన్ని గెలిచింది అమెరికా డబ్బుతో, ఆయుధాలతో, చివరి ఏడాది జనరల్ పపాగోస్ నాయకత్వంలో నడిచిన రాజు సైన్యం. జైళ్లు నిండిపోయాయి, మక్రోనిసోస్ దీవిలో అనుమానితులను పెట్టి 'దేశభక్తి' నేర్పేవారు, దెబ్బలతో. సరిగ్గా ఈ స్థితిలో, 1950లో, అరవై ఆరేళ్ల ప్లాస్తీరాస్ కొత్త మధ్యేవాద పార్టీ ఎపెక్ పెట్టి ఒకే మాట పట్టుకున్నాడు: క్షమిద్దాం, మరిచిపోదాం, ఖైదీలను వదిలేద్దాం. తమ మనుషులు జైళ్లలో ఉన్న కుటుంబాలు, శరణార్థి పేటలు, సొంత పార్టీ నిషేధంలో ఉన్న వామపక్షీయులు చాలామంది ఆయనకు ఓటేశారు. ఇది వయసు తెచ్చిన మార్పా, ఓట్ల లెక్కా అని అడుగుతారు. రెండూ కావచ్చు. 1922 తర్వాత శవాలు ఎలా వెంటాడతాయో ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ పార్లమెంటులో ఇంకొకడు లేడు.

1950 ఏప్రిల్‌లో ప్రధాని అయ్యాడు. ఖైదీల విడుదల మీద లిబరల్స్ (వెనిజెలోస్ పాత పార్టీ) మద్దతు తీసేయడంతో ఆగస్టుకే ప్రభుత్వం పడిపోయింది. 1951 సెప్టెంబర్ ఎన్నికల్లో 258 సీట్లలో పపాగోస్ పార్టీకి 114, ఎపెక్‌కి 74, లిబరల్స్‌కి 57. పపాగోస్ ఎవరితోనూ కలవనన్నాడు. ప్లాస్తీరాస్, లిబరల్స్ కలిసి ప్రభుత్వం పెట్టారు. మెజారిటీ వేలెడంత. ఒక వైపు రాజభవనం, ఒక వైపు సాయం డబ్బు చేతిలో పెట్టుకున్న అమెరికా రాయబారి, ఇంకో వైపు ఆఫీసర్ల రహస్య సంఘం ఐడీయా. ఆ సంఘం వాళ్లు 1951 మే చివర్లో పపాగోస్ సైన్యాధిపతి పదవికి రాజీనామా చేశాడని ఏథెన్స్‌లో తిరుగుబాటే మొదలుపెట్టారు, పపాగోసే వచ్చి ఇళ్లకు పొమ్మంటే పోయారు. ఎవరి మాట చెల్లుతుందో అందరికీ అర్థమైంది.

బెలోయానిస్ కేసు వచ్చింది ఈ ప్రభుత్వ కాలంలోనే. నిషేధించిన పార్టీని రహస్యంగా మళ్లీ కట్టడానికి దేశంలోకి వచ్చి 1950 డిసెంబర్‌లో దొరికాడు. మొదట సైనిక కోర్టు, తర్వాత మెటాక్సాస్ కాలం నాటి గూఢచర్యం చట్టం కింద రెండో విచారణ, మరణశిక్ష. కోర్టులో చేతిలో ఎర్రటి కార్నేషన్ పువ్వుతో నవ్వుతూ ఉన్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది, పికాసో బొమ్మ వేశాడు. ప్రధాని క్షమాభిక్ష మనిషే, కానీ ఆ సంతకం రాజు పెట్టాలి. రాజు పౌలోస్ పెట్టలేదు. ప్లాస్తీరాస్ తీవ్ర అనారోగ్యంతో మంచాన ఉన్నాడు. మామూలుగా శిక్షలు అమలు చేయని ఆదివారం నాడు, చీకట్లో పని ముగించేశారు. ప్రభుత్వం రాజీనామా చేయలేదు. చేస్తే పపాగోస్ వస్తాడు, చేయకపోతే చేతులకు రక్తం అంటుతుంది. నా మటుకు నాకు, చేసి ఉండాల్సింది. అయితే కొద్ది వారాలకే ఆ ప్రభుత్వమే 'శాంతి చర్యల' చట్టం తెచ్చి ఎన్నో మరణశిక్షలు తగ్గించింది, చాలామందిని ఇళ్లకు పంపింది. రాజీనామా చేసి ఉంటే ఆ చట్టం వచ్చేది కాదు, వాళ్ల పిల్లల్ని అడిగితే నా మాట ఒప్పుకోకపోవచ్చు.

అదే ఏడాది గ్రీస్ నాటోలో చేరింది, ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది, కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అమెరికా రాయబారి ప్యూరిఫాయ్ మాత్రం ఎన్నికల పద్ధతి మార్చకపోతే సాయం మీద ప్రభావం పడుతుందని బహిరంగంగానే చెప్పాడు. మార్చారు. నవంబర్ 1952లో పపాగోస్‌కి 49 శాతం ఓట్లకు 300 సీట్లలో 247 వచ్చాయి. ప్లాస్తీరాస్ స్వయంగా తన సీటు కూడా గెలవలేదు. 1953 జూలై 26న చనిపోయాడు. చనిపోయేనాటికి చేతిలో ఏమీ లేదని, వచ్చిన డబ్బంతా పంచేసేవాడని కథలు కథలుగా చెప్పుకుంటారు, కొన్నిటికి మసాలా బాగానే తగిలింది గానీ ఆస్తి కూడబెట్టలేదన్నది శత్రువులూ ఒప్పుకునే సంగతి. కార్దిత్సా పక్క కొండల్లో 1950ల చివర్లో డ్యామ్ కట్టినప్పుడు ఏర్పడ్డ జలాశయానికి ఆయన పేరే వాడుకలోకి వచ్చింది.

ఎపెక్ పార్టీ ఆయన పోయాక నిలబడలేదు. ఒకే పక్షానిదైపోయిన సైన్యం మాత్రం అలాగే ఉండిపోయింది. బెలోయానిస్‌ని మొదటిసారి విచారించిన సైనిక కోర్టు సభ్యుల్లో గియోర్గోస్ పపడోపులోస్ అనే ఆఫీసర్ ఒకడున్నాడు. 1967 ఏప్రిల్ 21న ఏథెన్స్‌లోకి ట్యాంకులు దించి ఏడేళ్ల సైనిక పాలన మొదలుపెట్టినవాళ్లకు నాయకుడు అతనే.